నున్నని రోడ్డు మీద మహాసమరం

అది జూన్ నెల పదకొండో తారీకు, గురువారం. తూర్పు దిక్కున మబ్బులు గుడారాలు వేసుకుని, కురవాలా వద్దా అని సేనాపతుల్లా మంతనాలు జరుపుతున్న ఆ శుభోదయాన, ఏ చరిత్రకారుడూ అడుగు పెట్టని ఒక ఊరిలో, ప్రతి ఇంటి పొయ్యి మీదా ఆమ్లెట్టు పొంగుతోంది. అది విందు కాదు. మొన్నటి ప్రయాణంలో వీరస్వర్గమలంకరించిన గుడ్లకు ఊరు ఇస్తున్న కడసారి వీడ్కోలు.

ఆ గుడ్లు ఇల్లు విడిచినప్పుడు ధవళకాంతులతో, నిండు దేహాలతో, అట్టల కోటల్లో బారులు తీరి బయలుదేరాయి. పట్నం చేరేసరికి సైన్యంలో పెద్ద భాగం క్షతగాత్రం. శత్రువు ఎవరూ ఎదురు రాలేదు. దారిలో ఉన్నది ఒక్క రోడ్డే.

ఓ రాజమార్గమా! వేసవిలో ధూళికిరీటధారిణివి, వానల్లో శతసరోవరశోభితవు, బస్సు డ్రైవర్ల నడుములకు నిత్యపరీక్షవు, వేసిన ఏడాదే నీ తారు నిన్ను విడిచి వెళ్లినా పేరు మాత్రం రాష్ట్ర రహదారిగానే నిలుపుకున్న అభిమానవతివి! నిన్ను తలచుకోకుండా ఈ కథ మొదలు కాదు. తలచుకున్నాక నడుం నొప్పి రాకుండా ముగియదు.

గుడ్లు తాపీమేస్త్రి కోడలివి. ఊరంతా ఆమెను గుడ్లక్క అంటారు. ఇంటి వెనక షెడ్డులో కోళ్లను పెంచుతుంది. మూడు చక్రాల బండి మీద ఆ గుడ్లను భర్త పట్నం తీసుకెళ్తాడు. చితికినవి ఇంటికి తిరిగొస్తాయి, ఇరుగుపొరుగుకు పంచుతుంది. పంచేటప్పుడు నవ్వుతూనే పంచుతుంది గానీ, ఆ నవ్వు వెనక ఒక గడువు ఉంది. పట్నంలో గుడ్లు కొనే షాపాయన ఆ మధ్య తేల్చి చెప్పేశాడు.

"నీ గుడ్లు మంచివేనక్కా. నీ రోడ్డే మంచిది కాదు. ఈ వానలు వెళ్లేదాకా చూస్తాను. అప్పటికీ ఇలాగే చితికి వస్తుంటే వేరే చోట తీసుకుంటా. ఏమీ అనుకోకు."

బ్రహ్మాస్త్రాలకైనా ఉపసంహారం ఉందంటారు గానీ "ఏమీ అనుకోకు" అన్న మాటకు లేదు. ఆయన కొనకపోతే కోళ్లను అమ్ముకోవాలి. కోళ్లు పోతే ఆ ఇంట్లో పొద్దున లేచి చేయడానికి పని ఉండదు.

ఇట్టి క్లిష్ట సమయంలో పైనుంచి ఒక ఆశాకిరణం ప్రసరించింది. పాడైన రహదారులను బాగు చేయడానికి రాష్ట్రం నిధులు ఇస్తుందట. అయితే ముందు ఆ రోడ్డు నిధులకు అర్హం కావాలి. మచ్చుకు ఎంచిన ముక్కలో అయిదో వంతైనా దెబ్బతిని ఉంటేనే అర్హత. దరఖాస్తు పెట్టిన వాడు ఊరిపెద్ద. ఎదురుగా ఒక్కడే ఉన్నా వెయ్యి మందికి వినిపించేలా మాట్లాడతాడు కనుక ఆయన్ని చిన్నా పెద్దా అందరూ మైకు బాబాయి అంటారు. జవాబు వచ్చింది: పదకొండో తారీకున రోడ్డు పరిశీలనకు ఇంజనీరు వస్తారు.

పరిశీలన! ఆ అయిదక్షరాల మహాశబ్దం చెవిన పడగానే ఊరి గుండె ఝల్లుమంది. ఆ ఊరికి పరిశీలన అంటే తెలిసింది ఒకటే: బడికి వచ్చేది, ఆసుపత్రికి వచ్చేది. అది వచ్చేలోగా తుడవాలి, కడగాలి, సున్నం వేయాలి. మైకు బాబాయి బస్సు షెల్టరు అరుగెక్కి, భుజం మీది తువ్వాలును జయపతాకంలా సవరించుకుని గర్జించాడు.

"అన్నల్లారా, అక్కల్లారా! వస్తున్నది మామూలు మనిషి కాదు, ఇంజనీరు! ఆ వచ్చిన మనిషి మన రోడ్డు మీద కాలు పెట్టి, ఛీ అని మొహం చిట్లించిందనుకోండి. ఆ పరువెవరిది? రోడ్డుదా? మనదా?"

"మనదే!" అంది సభ.

"అది కాదు బాబాయ్," అన్నాడు క్షౌరశాలాధిపతి, చేతిలో దువ్వెనతోనే వచ్చినవాడు. "పాడైన రోడ్డుకేగా డబ్బులిస్తామంది?"

"పాడైందని వాళ్లకి తెలుసు లేరా. తెలిసే కదా వస్తున్నది. ఇంటికొచ్చే మనిషికి మన మర్యాద మనం చూపించుకోవద్దూ?"

"బడికి ఇన్‌స్పెక్షన్ వస్తే పెచ్చులూడిన గోడలకి చార్టులు అంటించలేదా మనం?" అని పంతులమ్మ వత్తాసు పలికింది.

దువ్వెన ఓడిపోయింది. మర్యాద గెలిచింది.

ఆ ఊళ్లో గుంతలకు వారసత్వ హక్కులున్నాయి. దర్జీ కుట్టుమిషను బండి మీంచి జారి పడిన గుంత దర్జీ గుంత. పంతులమ్మ సైకిలు ముందు చక్రం మింగినది పంతులమ్మ గుంత. ఎవరి గుంతను వారే పూడ్చాలని తీర్మానం జరిగింది. సోమవారం నుంచి ఊరు ఊరంతా పారలు ధరించి, గడ్డపారలు ఝళిపించి, తట్టల నిండా మట్టీ కంకరా మోసి, దిమ్మిసలతో దిక్కులు దద్దరిల్లేలా మోది, నీళ్లు చల్లి, చివరికి చీపుళ్లతో మీద దుమ్ము ఊడ్చి, గుంత అన్నది అక్కడ ఎన్నడైనా ఉండేదా అని గుంతకే అనుమానం వచ్చేలా చేసింది.

అందరి పనీ ఒక ఎత్తు. తాపీమేస్త్రి పని ఒక ఎత్తు.

ఏళ్ల కిందటే పని మానుకున్న ఆ వృద్ధసింహం, మోకాళ్ల నొప్పితో మంచం దిగడానికే మంచాన్ని బతిమాలుకునే ఆ స్థవిరవీరుడు, కల్వర్టు పక్కన వంపు దగ్గరున్న గుంతను తనదిగా ప్రకటించాడు. అది ఎవరి గుంతా కాదు. అయినా ఎవరూ ఎందుకని అడగలేదు. ఇసుక జల్లించాడు. ఇంట్లో ఉన్న సిమెంటు బయటికి తీశాడు. రోడ్డు రంగుకు రంగు కుదరాలని బొగ్గుపొడి నూరి కలిపాడు. మడిచిన గోనె మీద మోకాళ్లు ఆనించి, రసమట్టం పెట్టి చూసి, తాపీతో ఒక్కొక్క అంగుళాన్నీ పసిబిడ్డ వీపు నిమిరినట్టు నిమిరాడు. పైన తడి గోనెలు కప్పి, చుట్టూ రాళ్లు పేర్చి, కుర్చీ వేసుకుని బుధవారం చీకటి పడేదాకా కాపలా కూర్చున్నాడు. గోనెలు తీశాక ఆ చోటును చూడటానికి ఊళ్లో వాళ్లు వచ్చి, ఎక్కడ చూడాలో తెలియక తిరిగి వెళ్లిపోయారు. మేస్త్రికి అంతకన్నా పెద్ద బిరుదు అక్కర్లేదు.

ఇక గురువారం. మొదట గుడ్ల బండి పట్నానికి కదిలిపోయింది. కాసేపటికి ఎదురుగా జీపు వచ్చి ఆగింది. అందులోంచి దిగింది ఇంజనీరమ్మ: నడివయస్కురాలు, గొడుగుపాణి, పొడవాటి కర్రకు తగిలించిన కొలతచక్రాన్ని ముందుకు తోసుకుంటూ నడిచే ఏకచక్రాయుధధారిణి. బస్సు షెల్టరు నుంచి కల్వర్టు దాటేదాకా ఉన్న ముక్కే మచ్చుకు ఎంచినది. అంటే ఊరు నున్నగా చేసిన ముక్కే. ఆమె నడిచింది. చక్రం నిద్రలో నడుస్తున్నట్టు మెత్తగా దొర్లింది. వెనక ఊరంతా ఊపిరి బిగపట్టి, పరీక్షా ఫలితాల రోజున తల్లిదండ్రుల్లా నడిచింది. చివరిదాకా వెళ్లి, వెనక్కి వచ్చి, ఆమె చిరునవ్వు నవ్వింది.

"చాలా బాగా చూసుకుంటున్నారండీ రోడ్డుని."

మైకు బాబాయి ఛాతీ ఉబ్బింది.

"ఇంత బాగున్న రోడ్డుకి నిధులు రావండీ మరి. అర్హత లేదని రాసుకుంటాను."

ఉబ్బిన ఛాతీ నిలిచిన చోటే నిలిచిపోయింది. మేఘగర్జనను ధిక్కరించే ఆ కంఠం నుంచి, పుట్టిన తర్వాత మొదటిసారిగా, శబ్దం రాలేదు.

"చెప్పానా బాబాయ్," అన్నాడు క్షౌరశాలాధిపతి. "నే చెప్పానా లేదా?"

"నువ్వు చెప్పిన విధానం బాలేదురా," అని మాత్రం అనగలిగాడు బాబాయి, నీరసంగా.

అప్పుడు జనాన్ని రెండుగా చీల్చుకుంటూ, చీర కొంగు నడుముకు బిగించి, గుడ్లక్క ముందుకొచ్చింది.

"మేడమ్, ఇది రోడ్డు కాదండీ. మేకప్పు."

"ఏంటమ్మా?"

"మీరొస్తున్నారని మేమే పూడ్చాం. ఒక్క గట్టి వాన పడితే కడుక్కుపోతుంది. కింద అసలు మొహం వేరే ఉంది. పొద్దున మీరు తిన్నదేంటో నాకు తెలీదు గానీ, ఈ ఊరు మొత్తం తిన్నది పగిలిన గుడ్లండీ. మీ దయవల్ల కాదు, ఈ రోడ్డు దయవల్ల."

ఇంజనీరమ్మ నవ్వాపుకుంది. తర్వాత నేల వైపు చూసింది. చెప్పు కొసతో దుమ్ము తోసింది. మట్టి అతుకు అంచు బయటపడింది.

"అతుకు కూడా దెబ్బకిందే లెక్కండీ మాకు," అంది మెల్లగా. "మా శాఖ వేయని అతుకైతే మరీనూ. కానీ నేను కళ్లతో అంచు చూడాలి, చూసి కొలవాలి. మీరు చెప్పారని రాసుకోలేను. ఇంత దుమ్ములో ఏది అతుకో, ఏది రోడ్డో నాకెలా తెలుస్తుంది?"

"దానికేముంది!" మైకు బాబాయి కంఠం పునర్జన్మ ఎత్తింది. "ఎవరి గుంత మీద వాళ్లు నిలబడండర్రా!"

ఆహా, ఆ వ్యూహాన్ని ఏమని వర్ణించేది! కత్తెర చేతబట్టి దర్జీ నిలిచాడు. రెండు కాళ్లూ ఎడంగా పెట్టి, తన సామ్రాజ్యపు తూర్పు పడమర సరిహద్దులను సూచిస్తూ క్షౌరశాలాధిపతి నిలిచాడు. గొడుగు ముడిచి పంతులమ్మ నిలిచింది. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చిన ఇల్లాలు ఒకామె, ఒక కన్ను గుంత మీదా ఒక కన్ను ఇంటి మీదా వేసి నిలిచింది. నిన్నటిదాకా తమ అతుకు నున్నదనాన్ని పొగుడుకున్న వారే, ఇప్పుడు దాని కింది గుంత ఘనతను పొగుడుకోవడం మొదలెట్టారు.

"మేడమ్, ముందు నాది చూడండి. మొత్తం రోడ్డుకే పెద్దది."

"నీది పళ్లెమంత ఉందిరా. నా గుంతలో గేదె పడుకుంటే కొమ్ములు కూడా కనపడేవి కాదు."

"నీ గేదె చిన్నది లే."

"పాలు పొంగిపోతాయి, కాస్త నాది ముందు కొలవండమ్మా, మీకు పుణ్యముంటుంది!"

ఇంజనీరమ్మ ముందుగా పాలు పెట్టి వచ్చినావిడ గుంతనే కొలిచింది. అధికారుల చరిత్రలో ఇలాంటివి ఎవరూ రాసుకోరు గానీ, ఆ పాలు పొంగలేదు. ఆ తర్వాత దుమ్ము ఊడ్పిస్తూ, ఇనపపుల్లతో అంచు గీస్తూ, టేపు సాచి, వంగి, లేచి, మళ్లీ వంగి, ఎండను నెత్తిన మోస్తూ ఒక్కొక్క అతుకునూ కొలుచుకుంటూ పోయింది. ఎవరో గొడుగు పట్టారు. ఎవరో మంచినీళ్లు తెచ్చారు. పూడ్చినంత ఉత్సాహంగానే ఊరు ఆ పూడికను బయటపెట్టింది.

బస్సు షెల్టరులో కూర్చుని ఆమె లెక్క కట్టింది. కట్టి, మళ్లీ కట్టింది.

"కొంచెంలో తప్పిపోయిందండీ," అంది. ఆమె గొంతులో నిజమైన బాధే ఉంది. "ఒక చాప పరిచేంత చోటు. అంతే తక్కువ."

చాప! సామ్రాజ్యాలు కోటల దగ్గర కూలితే ఒక అందం ఉంది. ఒక్క చాప దగ్గర కూలడం కంటే ఘోరం ఏముంది? ఊరు ఒకరి మొహాలొకరు చూసుకుంది. ఆ తర్వాత, ఎవరూ చెప్పకుండానే, అన్ని తలలూ ఒకేసారి కల్వర్టు వైపు తిరిగాయి.

కల్వర్టు గోడ మీద తాపీమేస్త్రి కూర్చుని ఉన్నాడు. చేతులు కట్టుకుని, వ్యూహంలో చేరని ఏకైక యోధుడిగా, ఆకాశంలో మబ్బుల పనితనాన్ని పరిశీలిస్తున్నాడు.

"మామయ్యా," అంది కోడలు దగ్గరికెళ్లి. "మీ గుంత ఎక్కడ?"

"ఏ గుంత? ఇక్కడ గుంతేం లేదే."

"ఆదివారం దాకా ఉండేదిగా."

"ఉండేది. నేను చెయ్యి పెట్టాక ఇంకా ఉంటుందా?"

ఇంజనీరమ్మ వంపు దగ్గరంతా తిరిగింది. వంగి చూసింది. ఇనపపుల్లతో గీసింది. అరచేత్తో తడిమింది. అంచు దొరకలేదు. ఆమె ఎన్నో రోడ్లు చూసిన మనిషి. లేచి నిలబడి, ఆ చోటు వైపు ఇంకోసారి, ఈసారి పని కోసం కాకుండా, చూసింది.

"మేస్త్రిగారూ, అంచు ఎక్కడో మీరే చూపించండి. కొలుచుకుంటాను."

"కొలిచి?"

"దెబ్బతిన్న భాగం కింద రాసుకుంటాను."

మేస్త్రి కల్వర్టు దిగాడు. మోకాళ్లు టక్కుమన్నాయి. ఆ చప్పుడు వింటి నారి మోగినట్టుంది.

"చూడమ్మా. ఈ చేత్తో ఎన్ని గోడలు కట్టానో నాకే తెలీదు. ఒక్క గోడ బీట వారలేదు. ఒక్కడొచ్చి మేస్త్రీ నీ పని దెబ్బతింది అన్నవాడు లేడు. ఇవాళ నా అంతట నేనే గీత గీసి, ఇదిగో ఇదీ దెబ్బ అని రాయించుకోవాలా?"

"ఆ మాట నేను పెట్టింది కాదండీ. కాగితంలో అలా ఉంది."

"అయితే తీసెయ్."

"తీసే అధికారం నాకు లేదు."

"గుంత పూడ్చే అధికారం లేదు, మాట తీసే అధికారం లేదు. మరేం ఉద్యోగమమ్మా నీది?"

"కొలిచే ఉద్యోగమండీ," అంది ఆమె, ఏమాత్రం కోపం లేకుండా.

"అన్నయ్యా!" మైకు బాబాయి రెండు చేతులూ చాచాడు. "ఊరి కోసం! రేపటి తరాల కోసం! నీ ఒక్క గీతతో..."

"నువ్వు కాస్త అవతలికి తిరిగి అరుచుకో. చెవి పోతోంది."

తూర్పున మబ్బు మొదటిసారి ఉరిమింది. జీపు డ్రైవరు హారన్ కొట్టాడు. ఇంజనీరమ్మ గడియారం చూసుకుని, కాగితాలు సంచిలో సర్దుకోవడం మొదలెట్టింది. ఊరంతా గుడ్లక్క వైపు చూసింది, బతిమాలుతుందేమోనని. ఆమె మామగారి వైపు తిరగనే లేదు. ఇంజనీరమ్మనే అడిగింది.

"మేడమ్, ఈ చోటు గురించి మరి ఏమని రాస్తారు?"

"పాత రోడ్డే, బాగుంది అని రాస్తానమ్మా. అంచు దొరకలేదు కదా."

"పాత రోడ్డే అంటే... అప్పట్లో వేసిన కాంట్రాక్టరు వేసిందే, ఇన్నాళ్లు చెక్కు చెదరలేదు, అనా?"

"అంతే కదా మరి."

"ఓహో," అంది గుడ్లక్క. "సరేనండీ. ఆయన పని మంచిదని ఒక్కచోటైనా కాగితం మీద ఉంటుంది. పోన్లెండి పాపం."

మేస్త్రి గిరుక్కున ఇటు తిరిగాడు.

ఆ తర్వాత లేచిన హుంకారానికి కల్వర్టు కింద కప్పలు బెకబెకలు మానేశాయి.

"ఎవడి పని? ఆ దొంగ కాంట్రాక్టరుదా? ఇసుకకి సిమెంటు వాసన చూపించి పోయినవాడిదా? మొదటి వానకే తారు చాపలా చుట్టుకుపోతే మొహం చాటేసిన వాడిదా? నేను మూడు రోజులు గోనె తడిపి కాపలా కాసిన పని వాడి ఖాతాలో రాస్తావా? ఏదీ, సుద్దముక్క! ఎవరి దగ్గరుంది సుద్దముక్క?"

పంతులమ్మ సంచిలో ఉంది. మేస్త్రి అందుకున్నాడు. గోనె కోసం ఆగలేదు. నేల మీద మోకాళ్లు ఆనించాడు. కళ్లు మూసుకుని, ఎడమ చేతి వేళ్లతో నేలను చదువుతూ, కుడి చేత్తో గీత గీయడం మొదలెట్టాడు. ఏ కంటికీ కనపడని సరిహద్దు ఆ వేళ్ల కింద మెల్లగా వెలికి వచ్చింది.

మైకు బాబాయి వంగి, లోకంలో ఎవరికీ వినపడదనుకునే స్వరంతో, అంటే ఊరంతటికీ వినపడేలా, అన్నాడు: "అన్నయ్యా, కాస్త పెద్దగా గియ్యి. ఎవరికి తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుంది," అన్నాడు మేస్త్రి, తల ఎత్తకుండా.

గీత పూర్తయింది. టేపు పరచుకుంది. ఇంజనీరమ్మ అక్కడే, గొడుగు కింద, లెక్క కట్టింది. తొలి చినుకు కాగితం మీద పడింది. అయిదో వంతు దాటింది. బొటనవేలి గోరంత దాటింది. దాటడం దాటడమే.

"మీ రోడ్డు అర్హమైందండీ."

"రోడ్డు ఎప్పుడు వేస్తారమ్మా?" అన్నాడు మైకు బాబాయి.

"వేయడం కాదండీ. అర్హమైన రోడ్లన్నీ ఒక దగ్గర చేరుస్తారు. వాటిలోంచి కొన్నిటిని ఎంచుతారు. ఎంచాలంటే మీరు మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి."

"అంటే ఇవాళ మాకేం వచ్చినట్టు?"

ఆమె అబద్ధం చెప్పడం చేతకాని మనిషి.

"అడిగే అర్హత."

మైకు బాబాయి అరుగెక్కాడు. "అడిగే అర్హత వచ్చిందర్రా!" అని దిగంతాలకు చాటాడు. జయజయధ్వానాలు మిన్నుముట్టాయి. దర్జీ, క్షౌరశాలాధిపతి గేదె సంగతి మరిచి కౌగిలించుకున్నారు. సకల భూమండలంలోని సమస్త రహదారుల చరిత్రలో, ఒక రోడ్డు పాడైందని అధికారికంగా తేలినందుకు ఊరు ఊరంతా వానలో తడుస్తూ కేరింతలు కొట్టిన ఘట్టం ఇదొక్కటే అయి ఉండాలి. ఇంజనీరమ్మ జీపు ఎక్కుతూ, సుద్దగీత మీద చక్రం పడకుండా పక్కనుంచి పోనివ్వమని డ్రైవరుకు చెప్పింది. ఎలాగూ వాన తుడిచేస్తుందని ఆమెకూ తెలుసు. అయినా చెప్పింది.

సాయంత్రానికి వాన తన పని తాను చేసింది. మట్టి అతుకులు ఒక్కొక్కటే కరిగి, గుంతలు తమ తమ వారసుల పేర్లతో యథాస్థానాల్లో మళ్లీ ప్రత్యక్షమయ్యాయి. వంపు దగ్గర మాత్రం నీళ్లు నిలవలేదు.

కొడుకు బండితో ఇంటికొచ్చి, తడిసిన చొక్కా ఆరేసుకుని, అన్నం తిన్నాడు. తండ్రి గదిలోకి కోడలు మంచినీళ్ల చెంబు తీసుకెళ్లింది. మేస్త్రి మంచం మీద కాళ్లు చాపుకుని ఉన్నాడు. మోకాళ్లు బాగా వాచాయి. అది చూసి కోడలు తైలం సీసా మూత తీసి పక్కన పెట్టింది.

"పొద్దున బండి ఎలా పోయిందటమ్మా?" అన్నాడు ఆయన, గోడ వైపు చూస్తూ.

"కొన్ని చితికాయి మామయ్యా. మన ఊరు దాటాక."

"వంపు దగ్గర?"

"ఒక్కటి కూడా లేదు. షాపాయన ట్రేలు లెక్క చూసుకుని, ఏంటీ, ఇవాళ తక్కువే చితికాయే అన్నాడట."

మేస్త్రి మోకాళ్లకు తైలం రాసుకున్నాడు. తర్వాత ఏదో కొత్త రోడ్డు కనిపెట్టినవాడిలా కోడలి వైపు తిరిగాడు.

"అతికినా దెబ్బకిందే లెక్క అందిగా ఆ అమ్మాయి?"

"అంది."

"అయితే అతికితే మన అర్హత ఎక్కడికీ పోదుగా?"

"పోదు మామయ్యా."

"మరి ఆ పిచ్చి మట్టి పోసి ఏం లాభం? వాడిని రేపు పట్నంలో ఒక బస్తా సిమెంటు చూడమను. ముందు దర్జీ గుంత చూస్తా. తర్వాత పంతులమ్మది. నాతో కలిసి ఇసుక జల్లించమని ఆ దువ్వెనవాడికి చెప్పు, ఊరికే మాట్లాడటం కాదు. రాసుకోనీ, ఎన్ని కావాలంటే అన్ని దెబ్బలు రాసుకోనీ నా పేరు మీద. నా పని నాకు..."

మాట పూర్తి కాకుండానే ఆయనకు నిద్ర పట్టింది. ఆమె దుప్పటి కాళ్ల మీదికి లాగి, దీపం తగ్గించి, బయటికి వచ్చి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసింది.